ఇశ్రాయేలన్న గురక, యేసుమణి వదిన నిద్ర

మా డిపోలో కొత్తగా చేరిన కండక్టరుకు టికెట్ల మిషను నొక్కడం నేర్పక ముందే ఒక జాగ్రత్త చెప్పేవారు. శ్రీశైలంలో రాత్రి ఆగే నైట్ అవుట్‌లో ఇశ్రాయేలు పక్క మంచం మాత్రం తీసుకోవద్దని. ఆ మంచం మీద పన్నెండేళ్ళు పడుకున్న మూర్ఖుణ్ణి నేను. పేరు మీరావలి, మార్కాపురం. నాకు కోపమెక్కువని మా ఆవిడ జహరాబీ ఊరంతా చెబుతుంది. పన్నెండేళ్ళు సరిగ్గా నిద్రలేని మనిషికి కోపం కాక సంగీతం వస్తుందా?

ఆ గురక సంగతి చెప్పాలి. మామూలు గురక ఒక తీరున పోతుంది, కాసేపటికి చెవి అలవాటు పడుతుంది. ఇశ్రాయేలన్నది అలా కాదు. ఘాట్ ఎక్కే బండిలా మూలిగి మూలిగి, ఉన్నట్టుండి ఆగిపోయేది. పూర్తి నిశ్శబ్దం. హమ్మయ్య అని కళ్ళు మూసుకునేలోగా ఒక్క ఉలికిపాటుతో, గొంతులో ఏదో తెగినట్టు మళ్ళీ మొదలయ్యేది. ఆ నిశ్శబ్దంలో మనిషి ఊపిరి ఆగి ఉంటుందని మాకు తెలియదు. గేరు మారుస్తున్నాడని నవ్వుకునేవాళ్ళం.

మనిషి మాత్రం బంగారం. మార్కాపురం నుంచి దోర్నాల పోయే దారిలో రోడ్డుకు అరకిలోమీటరు లోపల ఉంది వాళ్ళ పల్లె. సగం మంది పలకల క్వారీకి, సగం మంది మిరపకోతలకు పోయే ఊరు. ఆ పల్లెలో పుట్టి ప్రభుత్వ బస్సు స్టీరింగు పట్టిన మొదటివాడు ఇశ్రాయేలన్న. ఆ గర్వమంతా మీసంలో ఉండేది. రోజుకు రెండు పూటలు నూనె పెట్టి దువ్వేవాడు. బస్సు పల్లె మలుపు దాటేటప్పుడు రెండుసార్లు హారన్ కొట్టేవాడు. అది భార్య యేసుమణి వదినకు గుర్తు. పోయేటప్పుడు కొడితే జాగ్రత్తగా పోతున్నానని, వచ్చేటప్పుడు కొడితే పొయ్యి మీద అన్నం పెట్టమని.

పోయిన ఏడాది కార్తీక సోమవారం మర్నాడు, శ్రీశైలం నుంచి దిగుతున్నాం. బస్సు నిండా యాత్రికులు. ఒక కల్వర్టు మలుపు దగ్గర రోడ్డు తిరిగినా బస్సు తిరగలేదు. నేరుగా పోతోంది. ముందు సీటు దగ్గర నిలబడి ఉన్న నేను అద్దంలో చూశాను. ఇశ్రాయేలన్న చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్ళు మూసుకుని ఉన్నాయి. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. అతను ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. ముందు బంపరు కల్వర్టు గోడను గీసుకుంటూ పోయి ఆగింది. గోడకు అవతలి లోయలోకి తొంగి చూసి కూర్చున్న ఒకాయన మళ్ళీ దోర్నాల దాకా లేవలేదు.

మల్లన్న కాపాడాడని యాత్రికులన్నారు. ప్రభువు కాపాడాడని ఇశ్రాయేలన్న అన్నాడు. ఒక పెద్దావిడ దిగి ముందు టైరుకు కొబ్బరికాయ కొట్టింది. నా అరుపు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

డిపోలో అడిగితే ఇశ్రాయేలన్న, "కోతి అడ్డమొచ్చింది సార్," అన్నాడు. ఆ ఘాట్లో జరిగిన ప్రతి తప్పుకూ కోతులే బాధ్యులు, పాపం వాటికి నోరు లేదు. నాకుంది. "కోతి రాలేదు సార్, కునుకొచ్చింది," అన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఒంగోలులో ఒక రాత్రంతా ఒంటికి వైర్లు తగిలించి పడుకోబెట్టి చూశారు. డాక్టర్ సుప్రియ అని, నిద్ర జబ్బులు చూసే ఆవిడ. నిద్రలో గొంతు మూసుకుపోతోంది, గంటకు యాభై రెండుసార్లు ఊపిరి ఆగుతోంది, రాత్రి నిద్రలేక పగలు స్టీరింగు మీద తూలుతున్నావు అని చెప్పింది. ముక్కుకు మాస్కు పెట్టి గాలి కొట్టే మిషను రాసింది. దానిలో ఒక చిన్న కార్డు ఉంటుందట. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నదీ, ఎన్నిసార్లు ఊపిరి ఆగిందీ అంతా అదే రాసుకుంటుంది. ఒక నెల కార్డు బాగుంటేనే ఫిట్ అని సంతకం పెడతానంది. సంతకం లేనిదే స్టీరింగు లేదని డిపో అంది.

"గంటకు యాభై రెండుసార్లంట వలీ," అన్నాడు నాతో, నాలుగు రోజుల మౌనం మరచిపోయి. భయపడుతున్నాడో, గొప్ప చెప్పుకుంటున్నాడో తెలియలేదు. "డాక్టరమ్మే అదిరిపోయింది."

మిషను చేతికొచ్చేలోగా మాఘమాసం దాటింది. అందాకా అతన్ని గ్యారేజీలో టైర్లకు గాలి కొట్టే దగ్గర కూర్చోబెట్టారు. గాలి చాలని మనిషిని గాలి కొట్టే పనిలో పెట్టిన మా డిపో తెలివికి నేను నమస్కరిస్తున్నాను.

మొదటి రాత్రి మాస్కు పెట్టుకుంటే, బస్సు ఎనభై మీద పోతుంటే తల కిటికీ బయట పెట్టినట్టుందట. నోరు తెరిస్తే ముక్కులోంచి వెళ్ళిన గాలి నోట్లోంచి వచ్చిందట. పట్టీలు బిగిస్తే చెంపలు కోసుకుపోయాయి, వదులు చేస్తే గాలి కళ్ళలోకి కొట్టింది. పొద్దున్నే డిపోకు వస్తే రెండు చెంపల మీదా గాట్లు. ఇంట్లో ఏం జరిగిందన్నా అని మెకానిక్కులు అడిగి అడిగి నవ్వారు. మూడోరోజు ఫోన్లో డాక్టరమ్మ అసలు దొంగను పట్టుకుంది. మీసం. అంత ఒత్తు మీసం మీద మాస్కు అతుక్కోదు, గాలి పక్కలకు కారుతుంది, కత్తిరించమంది. ఇశ్రాయేలన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత యేసుమణి వదిన అద్దం పట్టుకుంటే, కత్తెర తనే పట్టుకున్నాడు. మూడోవంతు మిగిలింది. పల్లెలో కుక్కలు కూడా గుర్తుపట్టడం లేదని నా దగ్గర వాపోయాడు.

తర్వాత నీళ్ళు. మిషనులో చిన్న తొట్టి ఉంటుంది, గాలికి తేమ కోసం. మొదట బోరు నీళ్ళు పోశాడు. మా ప్రాంతం ఫ్లోరైడు బోరు నీళ్ళు మనుషుల పళ్ళనే వదలవు, ప్లాస్టిక్ తొట్టిని వదులుతాయా? వారంలో అడుగున సున్నం గట్టింది. డిస్టిల్డ్ వాటర్ పోయాలయ్యా అని డాక్టరమ్మ అంటే, "అదా మేడమ్, మాకు తెలియందేముంది," అని బ్యాటరీ షాపుకు పోయి ఐదు లీటర్ల బ్యాటరీ నీళ్ళ క్యాను తెచ్చాడు. ముప్పై ఏళ్ళుగా బస్సులకు పోసిన నీళ్ళే గదా. ఈ సంగతి కూడా నేనే డాక్టరమ్మకు చెప్పాను. ఆమె, "ఆయన మనిషా, లారీయా?" అంది. మందుల షాపులో దొరికే నీళ్ళు వేరని నేను పోయి కొనిచ్చాను.

ఇవన్నీ ఒక ఎత్తు, పలకరింపులు ఒక ఎత్తు. ఆ పల్లెలో ఒకరికి బాగాలేదంటే ఇంటికొకరు బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని చూడటానికి వస్తారు. ఎప్పటినుంచి అని అడుగుతారు, ఇదే జబ్బుతో పోయినవాళ్ళ పేర్లు నెమ్మదిగా చెబుతారు, టీ తాగి పోతారు. ఈసారి వచ్చినవాళ్ళందరికీ ఇంకో కోరిక కూడా ఉండేది. "ఒక్కసారి పెట్టుకో అబ్బయా, సూద్దాం." సాయంత్రం నాలుగింటికల్లా ఇశ్రాయేలన్న మంచం మీద మాస్కు పెట్టుకుని కూర్చునేవాడు, పల్లె చుట్టూ నిలబడి చూసేది.

ఒకరోజు ఎదురింటి జీవరత్నమ్మ వచ్చింది. కరోనా ఏడాది ఆమె కొడుకును ఒంగోలు తీసుకుపోయి ఇలాంటి మాస్కే పెట్టారు. ఫోన్లో వీడియోలో కనబడ్డ ఆ ముఖమే ఆమె చివరిసారి చూసింది. ఇశ్రాయేలన్న ముఖం మీద మాస్కు చూడగానే ముసలామె గడపలోనే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఇంకా నలుగురు ఏడ్చారు. ఆ వారం నుంచి పల్లెలో ఇశ్రాయేలు ఇక ఎన్నాళ్ళో ఉండడని ఖాయమైపోయింది. మందిరంలో అతని కోసం చేసే ప్రార్థనలో భార్యాబిడ్డలకు ఓదార్పు కూడా అడగడం మొదలైంది. మనిషి ముందు వరసలో కూర్చుని వింటూ ఉండగానే.

కానీ మిషను తన పని తను చేసింది. పద్నాలుగో రోజో పదిహేనో రోజో, పొద్దున్నే నేను డ్యూటీ ఎక్కుతుంటే గ్యారేజీలోంచి పరుగున వచ్చాడు. "వలీ, తలనొప్పి లేదు. కళ్ళు మంటలు లేవు. ఇరవై ఏండ్ల తర్వాత ఈపొద్దు తెల్లారినట్టుంది," అన్నాడు. నా చేయి పట్టుకున్నాడు. నాకు చాలా సంతోషమైంది, దాచుకోను. యేసుమణి వదినకు మాత్రం ఆ రాత్రులు నిద్రలేదట. చప్పుడు లేకపోయేసరికి, మనిషి ఉన్నాడా అని లేచి లేచి చూసుకుందట.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆదివారం వచ్చింది.

వాళ్ళ మందిరంలో మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం రివాజు. ఇశ్రాయేలన్న కాగితం మీద రాసుకున్నాడు కూడా. ముందు ప్రభువు, తర్వాత డాక్టరమ్మ, తర్వాత మిషను. లేచి మైకు పట్టుకుని, "నా గురకను ప్రభువు తీసేసినాడు," అన్నాడు. అంతే. మందిరం హల్లెలూయా అని లేచింది. కీబోర్డు మోగింది. పాస్టరు వరప్రసాదం గారు మంచివాడే, కానీ ఆయన చేతికి మైకు దూరమైతే ఊపిరాడదు. వచ్చి మైకు తీసుకుని గంటసేపు ఆ ఒక్క వాక్యం మీదే ప్రసంగించాడు. డాక్టరమ్మా మిషనూ కాగితంలోనే ఉండిపోయారు.

బయటికొచ్చాక చెప్పొచ్చు గదా అని నేను తర్వాత అడిగాను. "జీవరత్నమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది వలీ. 'నా కొడుకు రాలేదు, నువ్వన్నా వచ్చినావు నాయనా' అని ఏడ్చింది. ఆమెకు ఏమని చెప్పమంటావు?" అన్నాడు.

జీవరత్నమ్మ ఒక్కతే అయితే పోనీ అనుకుందును. వారం తిరక్కుండా చంద్రశేఖరపురం వైపు సభలకు పిలుపు వచ్చింది. ఫ్లెక్సీ వేశారు. దాని మీద ఇశ్రాయేలన్న ఫొటో, పాత మీసంతో. మొదటి ఊళ్ళో ఊపిరి గంటకు యాభై రెండుసార్లు ఆగిందని చెప్పాడు. రెండో ఊళ్ళో నూరుసార్లయింది. మూడో ఊళ్ళో తను చనిపోయి లేచినట్టు చెప్పాడని విన్నాను. ఆ ఊరివాళ్ళు శాలువా కప్పారు. శాలువా భుజాన పడ్డాక మనిషికి తన మాట తనే నమ్మబుద్ధి అవుతుంది.

ఇప్పుడు చిక్కేమిటంటే మిషను. స్వస్థత పొందిన మనిషి ముఖానికి మాస్కు పెట్టుకుంటే సాక్ష్యం ఏమైపోవాలి? చలికాలమైతే తలుపేసుకుని పెట్టుకునేవాడు. ఉగాది దాటింది. ఆ పల్లెలో ఎండాకాలం అందరూ మంచాలు వీధిలో వేసుకుని వరసగా పడుకుంటారు. లోపల పడుకున్నవాణ్ణి ఏమైందని నలుగురూ వచ్చి అడుగుతారు. కాబట్టి ఇశ్రాయేలన్న వీధిలో, మాస్కు లేకుండా, సాక్ష్యం చెప్పిన ముఖంతో పడుకున్నాడు. గురక మళ్ళీ వచ్చింది. వీధంతా విన్నది. అయినా ప్రభువు తీసేసిన గురకను తాము విన్నామని చెప్పే ధైర్యం ఎవరికుంది? పగలంతా గాలి కొట్టే పని గదా, అలసిపోయినాడు అని సర్దుకున్నారు.

ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. ఎండలు ముదిరాక నెల కార్డు పట్టుకుని ఒంగోలు పోయాడు. ఆ రోజు ఆసుపత్రిలో జనం కిక్కిరిసి ఉన్నారట. డాక్టరమ్మ పైపైన చూసింది. గంటలు నిండుగా ఉన్నాయి, ఊపిరి ఆగడం దాదాపు లేదు. భేష్ అని సంతకం పెట్టింది. డిపోలో దండ వేసి మళ్ళీ స్టీరింగు ఎక్కించాం. ఆ దండ కొన్నవాణ్ణి నేనే.

ఆ సాయంత్రం శ్రీశైలం చేరాం. రెస్ట్ రూములో అతని సంచీ చూశాను. లుంగీ, టవలు, బైబిలు, మీసానికి నూనె. మిషను లేదు.

"మిషనేదన్నా?" అన్నాను.

"ఇంట్లో పెట్టినా. ఇప్పుడు అంత అవసరం లేదులే," అని గోడవైపు తిరిగాడు.

ఐదు నిమిషాల్లో అవసరం ఎంత ఉందో రెస్ట్ రూమంతా వినబడింది. నేను మంచం మీద కూర్చుని విన్నాను. ఇప్పుడు ఆ నిశ్శబ్దం అర్థం నాకు తెలుసు. ఊపిరి ఆగినప్పుడల్లా నేను కూడా బిగబట్టాను. కల్వర్టు గోడ అవతల ఏముందో నాకు గుర్తుంది.

పొద్దున్నే బస్సు నిండింది. టికెట్లు కొట్టాను. ఇశ్రాయేలన్న ఇంజను స్టార్ట్ చేసి అద్దంలో నావైపు చూశాడు. కండక్టరు రైట్ అననిదే బండి కదలదు. మాకున్న అధికారం అదొక్కటే. ఆ రోజు దాన్ని వాడుకున్నాను. నోరు మూసుకుని నిలబడ్డాను.

హారన్ కొట్టాడు. నేను పలకలేదు.

"రైట్ చెప్పవయ్యా కండక్టరూ, ఏంది ఆలస్యం?" అని వెనక సీట్లోంచి ఒకాయన.

"చెప్పను," అన్నాను. "ఈ బండికి ఈపొద్దు రైట్ లేదు."

ఇశ్రాయేలన్న ఇంజను ఆపి దిగి వచ్చాడు, మొహం ఎర్రగా చేసుకుని. ఇద్దరం బస్సు వెనక్కి పోయాం.

"నా కడుపు కొడతావా వలీ? సంతకం పెట్టినారు గదా!"

"రాత్రి నువ్వు ఊపిరి ఆపింది నేను లెక్కపెట్టినా. నీ చెంపల మీద ఒక్క గాటు లేదు. మరి ఆ కార్డులో గంటలెట్ల నిండినాయి? ఎవరు పెట్టుకున్నారు ఆ మాస్కు?"

నేలవైపు చూస్తూ, "మీ వదిన," అన్నాడు.

వదినా అని రెండుసార్లు అడిగాను.

"నేను బయట పడుకుంటే ఆమె లోపల పెట్టుకుని పడుకున్నది. గంటలు నిండాల గదా. వద్దనే చెప్పింది, నేనే బతిమాలినా. ఏంజేసేది వలీ, సాక్ష్యం చెప్పినా గదా. ఇప్పుడెట్ల వెనక్కి తీసుకునేది?"

"ఇంత పొడుగు బస్సును ఘాట్లో వెనక్కి తీసుకుంటావు. ఒక మాటను వెనక్కి తీసుకోలేవా?" అని అరిచాను. "లోపల నలభై తొమ్మిది మంది కూర్చున్నారు అన్నా. వాళ్ళకు నీ సాక్ష్యం తెలియదు, నీ మీసం తెలియదు. పొద్దున్నే ఇంటికి పోదామని కూర్చున్నారు."

అతను బస్సు వెనక అద్దంవైపు చూశాడు. లోపల ఒక పసిబిడ్డ తల్లి భుజం మీదనుంచి మావైపే చూస్తోంది. ఇశ్రాయేలన్న జేబులోంచి తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. తనే పోయి కంట్రోలరుకు ఒంట్లో బాగాలేదని చెప్పాడు. జనాన్ని వెనక వచ్చే బస్సులో సర్దాం. దానిలోనే అతనూ నేనూ పక్కపక్కన కూర్చుని దిగాం. సాక్షి గణపతి గుడి దాటకముందే అతని తల కిటికీ అద్దానికి కొట్టుకోవడం మొదలైంది. దోర్నాల దాకా కొట్టుకుంటూనే ఉంది. ఆ తల ఆ గంటన్నర స్టీరింగు వెనక ఉండాల్సింది.

మర్నాడు ముగ్గురం ఒంగోలు పోయాం. అతనూ, వదినా, నేనూ. నేనెందుకంటే, అతను మళ్ళీ ముందు ప్రభువు పేరు చెప్పి ఆగిపోతాడేమోనని.

డాక్టర్ సుప్రియ ఈసారి కార్డును కంప్యూటర్లో పెట్టి నిదానంగా చూసింది. "మొదటి పదిహేను రోజులు ఒక మనిషి. తర్వాత వేరే మనిషి. ఎవరు?" అంది.

యేసుమణి వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనేనమ్మా," అంది.

డాక్టరమ్మ కోపంగా ఉండబోయి నవ్వింది. "నీకు ఏ జబ్బూ లేదమ్మా, నీ ఊపిరి చక్కగా ఉంది. సంతకం నీకు పెట్టినట్టున్నాను, నాదీ తప్పే." అంటూ ఇంకా కిందికి చూసి నవ్వు ఆపేసింది. "ఇదేంటి? ప్రతి రాత్రీ తొమ్మిదిసార్లు, పదిసార్లు, ఒక రాత్రి పద్నాలుగుసార్లు మాస్కు తీశావు. నిమిషం రెండు నిమిషాలు తీసి మళ్ళీ పెట్టుకున్నావు. మాస్కు ఇబ్బందిగా ఉండిందా?"

"మాస్కుదేముందిలేమ్మా," అంది వదిన. "వాకిలి తీసే ఉంటది గదా. బయట ఈయన ఊపిరి ఆగినప్పుడు నాకు తెలుస్తది. మాస్కు తీసి, పోయి, భుజం తట్టి, మళ్ళా వచ్చి పెట్టుకునేదాన్ని."

"పద్నాలుగుసార్లా?"

"చాలాసార్లు తట్టకుండానే తీసుకునేటోడు ఊపిరి. అవి లెక్కలేదమ్మా."

ఇశ్రాయేలన్న కంప్యూటరు మీది గీతలవైపు చూస్తూ ఉన్నాడు. నెల సగం రాత్రులు, రాత్రికి పది గీతలు. ఆ మూడోవంతు మీసం వణికింది. తర్వాత అతను రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను కిటికీలోంచి ఆటోల స్టాండు చూస్తూ నిలబడ్డాను, నా కళ్ళు కూడా సరిగ్గా లేవు గనక.

డిపోకు నిజం చెప్పాం. మెమో ఇచ్చారు, ఇంకో నెల గాలి కొట్టమన్నారు. అది సులువే. కష్టమైంది ఆదివారం.

నేనూ పోయాను, టోపీ పెట్టుకుని చివరి వరసలో కూర్చున్నాను. ఇశ్రాయేలన్న మిషను సంచీతో సహా ముందుకు పోయాడు. వరప్రసాదం గారు మైకు ఇచ్చి, అలవాటుగా పక్కనే చేయి చాచి నిలబడ్డాడు. ఈసారి ఇశ్రాయేలన్న మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పోయినసారి నేను సగం చెప్పినా," అన్నాడు. "ప్రభువు నాకు ఒక డాక్టరమ్మను ఇచ్చినాడు. ఈ మిషను ఇచ్చినాడు. యేసుమణిని ఇచ్చినాడు. ఆయన ఇచ్చిన మూడింటినీ దాచిపెట్టి ఆయన పేరు ఒక్కటే చెప్పినా. మూడో ఊళ్ళో చచ్చి లేచినా అని గూడా చెప్పినా. నేను చావలేదు. చావకుండా ఆమె రాత్రంతా లేపింది. ఈపొద్దు నుంచి నేను వీధిలోనే పండుకుంటా, ఇది పెట్టుకునే పండుకుంటా. చూసేటోళ్ళు చూడొచ్చు."

హల్లెలూయా లేదు. కీబోర్డు మోగలేదు. అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి జీవరత్నమ్మ లేచింది. కర్ర పోటేసుకుంటూ ముందుకు వచ్చి, సంచీలోని మాస్కును వేలితో తాకింది.

"ఇది పెట్టుకుంటే బతుకుతారా నాయనా?"

"బతుకుతారు పెద్దమ్మా."

"ఏదీ, పెట్టుకో."

పెట్టుకున్నాడు. ముసలామె ఈసారి ఏడవలేదు. చాలాసేపు ఆ ముఖం చూసింది, పట్టీ ఒకటి మెలిపడితే సరిచేసింది. "రోజూ పెట్టుకో," అని పోయి తన చోట కూర్చుంది. నాకు తెలిసి ఆ మందిరంలో అంత చిన్న ప్రసంగం అదే.

బయట చెప్పులు వేసుకుంటుంటే వరప్రసాదం గారు నా పక్కకు వచ్చాడు. అటూ ఇటూ చూసి, "మీరావలి గారూ, నాకు కూడా మధ్యాన్నం వాక్యం చదువుకుంటుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి. మా ఇంట్లో ఆవిడేమో గురక అంటున్నది. ఆ డాక్టరు నంబరు ఏమన్నా ఉందా?" అన్నాడు. ఇచ్చాను. సాక్ష్యం ఎప్పుడు చెబుతారని మాత్రం అడగలేదు. నాకూ కొంచెం మర్యాద ఉంది.

రెండో నెల కార్డు అతనిదే. వీధిలో మాస్కు పెట్టుకుని పడుకుంటే మొదట పిల్లలు గుంపుగా చూశారట. నాలుగు రోజులకు వాళ్ళకూ విసుగు పుట్టింది. పట్టీ కింద గుడ్డముక్క పెట్టుకుంటే చెంపలు కోయవని జీవరత్నమ్మే కుట్టిచ్చింది. ఇంకా కొన్ని రాత్రులు తెలియకుండా లాగి పారేస్తూనే ఉన్నాడు. కానీ గంటలు నిండాయి, డాక్టరమ్మ ఈసారి ప్రతి గీతా చూసి సంతకం పెట్టింది.

వానాకాలం మొదట్లో మళ్ళీ స్టీరింగు ఎక్కాడు. ఈసారి దండ లేదు. సంచీ మాత్రం నేనే విప్పి చూశాను. మిషను ఉంది, నీళ్ళ సీసా ఉంది, రెస్ట్ రూములో ఫోన్లు ఛార్జింగు పెట్టేవాళ్ళతో కొట్లాట లేకుండా పొడుగు వైరు కూడా ఉంది. యేసుమణి వదిన దోర్నాలలో చెల్లెలింటికి పోవాలని మార్కాపురంలోనే ఎక్కింది. డ్రైవరు వెనక సీటులో కూర్చోబెట్టాను. ఇన్నేళ్ళలో భర్త నడిపే బస్సు ఆమె ఎక్కడం అదే మొదటిసారి అట.

రైట్ అన్నాను.

కంభం రోడ్డు దాటామో లేదో ఆమె తల వాలింది. పల్లె మలుపు వచ్చింది. ఇంటిమనిషి బస్సులోనే ఉన్నా, అలవాటు కొద్దీ ఇశ్రాయేలన్న రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. దోర్నాల వచ్చింది. జనం దిగారు, ఎక్కారు, అరిటిపళ్ళవాళ్ళు కిటికీల కింద అరిచారు. ఆమె కదల్లేదు. ఇశ్రాయేలన్న అద్దంలో నావైపు చూసి, లేపమంటావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నేను వేలు పెదవుల మీద పెట్టుకుని, చాలా మెల్లగా రైట్ అన్నాను.

ఘాట్ ఎక్కుతుంటే సన్నగా ఒక చప్పుడు వినబడింది. వంగి విన్నాను. యేసుమణి వదిన గురక పెడుతోంది. ఎక్కడా ఆగకుండా, ఒక తీరున. ఇశ్రాయేలన్న కూడా విన్నాడు. నవ్వాడు కానీ కళ్ళు రోడ్డు మీదనుంచి తీయలేదు.

కల్వర్టు దగ్గర గోడ మీద మా బంపరు రంగు ఇంకా ఉంది. బస్సు రోడ్డుతో పాటు నిదానంగా తిరిగింది. ఆమెకు అక్కడే మెలకువ వచ్చి, కిటికీలోంచి అడవి చూసి కంగారు పడింది.

"దోర్నాల దాటిందా వలీ? లేపొద్దా నాయనా?"

"పొద్దున తిరుగు బస్సులో దింపుతాం వదినా," అన్నాను. "పడుకో."

ఆమె ముందుకు వంగి భర్త ముఖం ఒకసారి చూసుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వెనక్కి వాలి, కొంగు కప్పుకుని, శ్రీశైలం దాకా మళ్ళీ లేవలేదు.